రక్త నమూనా చేతికి వచ్చినప్పుడు: పరిశోధనలో చేరిన అబ్బాయికి పెద్దమ్మ లేఖ

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పరిశోధక విద్యార్థిగా నీకు సీటు వచ్చిందనీ, అందులోనూ మన మన్యం కుటుంబాల రక్త నమూనాలతో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య సికిల్ సెల్ వ్యాధి మీద పని చేయబోతున్నావనీ చదివి చాలా సంతోషించాను. చివర నువ్వు అడిగిన ప్రశ్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ముందుగా ఏ టెక్నిక్ నేర్చుకోవాలి, డీఎన్ఏ ముక్కను కోట్ల ప్రతులుగా పెంచే పీసీఆరా, దాని అక్షరాలను వరసగా చదివే సీక్వెన్సింగా, జన్యువును కోసి మార్చే క్రిస్పరా అని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా ప్రయోగశాల బల్ల దగ్గర నిలబడి పనిచేసినదానిగా చెబుతున్నాను, ముందు నీ ప్రశ్నను ఒక్క వాక్యంలో, అందులో రోగి కనిపించేలా రాసుకోవడం నేర్చుకో. ఆ వాక్యం సరిగ్గా కుదిరితే ఏ టెక్నిక్ కావాలో అదే చెబుతుంది.

నువ్వు ఎంచుకున్న వ్యాధి చరిత్రనే చూడు. 1910లో షికాగోలో హెరిక్ అనే వైద్యుడు, గ్రెనడా నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను చూసినట్టు రాశాడు. ఆయనకున్న సాధనం సూక్ష్మదర్శిని, ఆయన ప్రశ్న కణం రూపం గురించి. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఆ రోగుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరే వేగంతో కదులుతోందని చూపి, లోపం ఒక ప్రోటీన్ అణువులోనే ఉందని తేల్చింది. 1956లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేసి, తేడా ఒక్క ముక్కలోనే ఉందని కనిపెట్టాడు. ఆ తేడా గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ రావడమేనని ఆయన పనే తర్వాత తేల్చింది. 1978లో కాన్, డోజీలు డీఎన్ఏ స్థాయిలో ఈ జన్యువు జాడ పట్టే మార్గం చూపారు. 1985లో పీసీఆర్ గురించి వెలువడిన తొలి పత్రం ఉదాహరణగా తీసుకున్నది కూడా సికిల్ సెల్ నిర్ధారణనే. వీరిలో ఎవరూ కొత్త యంత్రం వచ్చింది కదా అని పని మొదలుపెట్టలేదు. ముందువాళ్లు ఆగిన చోట మిగిలిన ప్రశ్నను పట్టుకుని, దానికి తగిన సాధనాన్ని వెతుక్కున్నారు, లేనిచోట తామే తయారు చేసుకున్నారు.

ఇక నమూనా విషయం. మా రోజుల్లో కొత్తగా చేరిన వాళ్లందరూ రక్త సేకరణను ఎవరో సహాయకులు చేసే పనిగా చూసేవారు, ఇప్పుడూ అలాగే ఉందని నా అనుమానం. నిజానికి ఫలితం మంచీచెడూ సగం అక్కడే నిర్ణయమైపోతుంది. డీఎన్ఏ కోసం రక్తాన్ని, అది గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే రసాయనం ఉన్న గొట్టంలోనే తీయించు, అలాంటిదే అయిన హెపారిన్ గొట్టంలో తీస్తే ఆ హెపారినే తర్వాత పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. హీమోగ్లోబిన్‌లోని హీమ్ కూడా ఆ పని చేస్తుంది కనుక ఎర్రకణాలను బాగా కడిగి తీసేయాలి. గొట్టం మీద పేరొక్కటే రాస్తే చాలదు, ఒకే ఊరిలో ఒకే పేరుగలవాళ్లు నలుగురుంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇటీవల రక్తం ఎక్కించుకున్నారా అని ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకో. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. గత మూడు నాలుగు నెలల్లో రక్తం ఎక్కించుకున్న బిడ్డకు, హీమోగ్లోబిన్ రకాలను వేరు చేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేస్తే దాత హీమోగ్లోబిన్ కూడా కలిసి కనిపించి, రోగి కాస్తా వాహకుడిలా, అంటే జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే మారి వ్యాధి లేనివాడిలా, తేలతాడు. డీఎన్ఏ వచ్చేది ప్రధానంగా బిడ్డ సొంత తెల్లకణాల నుంచి కాబట్టి ఆ పరీక్షకు ఈ చిక్కు చాలా తక్కువ. పసిపిల్లల విషయంలోనూ ఇలాంటి తేడానే ఉంది. పుట్టిన తొలి నెలల్లో, గర్భంలో ఉన్నప్పటి పిండ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కనుక, సికిల్ హీమోగ్లోబిన్ ద్రావణంలో కరగక మబ్బుగా కనిపిస్తుందా అని శిబిరాల్లో చూసే సాల్యుబిలిటీ పరీక్ష ఆ వయసులో నమ్మదగినది కాదు. పెద్దవాళ్లలోనైనా అది వాహకుడినీ రోగినీ వేరు చేసి చెప్పలేదు. డీఎన్ఏ మాత్రం పుట్టిన రోజున ఎంతో, యాభై ఏళ్లకూ అంతే.

అయితే డీఎన్ఏ పరీక్ష తప్పు చెప్పదనుకునేవు, దానికీ తనదైన మోసం ఉంది. పదకొండో క్రోమోజోము మీది హీమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఆరో కోడాన్, అంటే ఆరో మూడక్షరాల గుంపు, జీఏజీ నుంచి జీటీజీగా మారడమే ఈ ఉత్పరివర్తన. ఆ ఒక్క అక్షరం మారినందువల్ల డీడీఈ-వన్ అనే ఎంజైము కత్తిరించే చోటు చెరిగిపోతుంది. పీసీఆర్‌తో పెంచిన ముక్కను ఆ ఎంజైముతో కలిపి, ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్ మీద పరుగెత్తిస్తే, మామూలు జన్యువు రెండు ముక్కలవుతుంది, మారిన జన్యువు తెగకుండా నిలుస్తుంది. పద్ధతి చక్కనిదే, కానీ ఇందులో వ్యాధికి గుర్తు ఎంజైము పని చేయకపోవడం. అంటే ఎంజైము పాడైపోయినా, ఉప్పు మోతాదు తప్పినా, డీఎన్ఏలో మలినం ఉన్నా జెల్ మీద కనిపించేది అచ్చంగా వ్యాధిలాగే ఉంటుంది. సగమే తెగితే ఆరోగ్యవంతుడు వాహకుడిలా కనిపిస్తాడు.

ఇది నాకు చదివి తెలిసిన సంగతి కాదు. పనిలో చేరిన రెండో ఏట ఒక సాయంత్రం పదకొండు నమూనాలు ఒకేసారి నడిపాను. పదకొండూ తెగలేదు. ఒకే బడి పిల్లల్లో పదకొండు మందికీ వ్యాధి ఉందని తేల్చేసి, ఆ ఉత్సాహంలో పట్టిక కూడా రాసేశాను. మరునాడు నా పైవాళ్లు పట్టిక చూసి, మామూలు రక్తపు లేన్ ఏదమ్మా అని ఒక్క మాట అడిగారు. పోల్చి చూడడానికి జెల్ మీద ఆ వరుసను నేను పెట్టనే లేదు, ఎంజైము ముందురోజు రాత్రంతా ఫ్రీజర్ బయట ఉండిపోయింది. ఆ పట్టిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఉంటే పదకొండు ఇళ్లలో ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే చెబుతున్నాను, ప్రతి జెల్ మీదా ముందే నిర్ధారణ అయిన మామూలు వ్యక్తి, వాహకుడు, రోగి, ఈ ముగ్గురి డీఎన్ఏ తప్పకుండా పక్కపక్కనే పరుగెత్తాలి. వీలైతే, పీసీఆర్ పెంచే ముక్క హద్దులు నిర్ణయించే ప్రైమర్లను ఎంచుకునేటప్పుడే, అందరిలోనూ తప్పక తెగే మరో డీడీఈ-వన్ చోటు కూడా ఆ ముక్కలోకి వచ్చేలా చూసుకో, అప్పుడు ఎంజైము పని చేసిందా లేదా అన్నది ప్రతి నమూనా తనకు తానే చెబుతుంది. వీటితోపాటు మరో లేన్‌గా డీఎన్ఏ బదులు నీళ్లు పోసిన గొట్టాన్ని పెట్టు. లెక్క ప్రకారం ప్రతి పీసీఆర్ చక్రానికీ రెట్టింపవుతూ, ముప్పై చక్రాలు తిరిగేసరికి ఒక్క అణువు నూటఏడు కోట్లకు పైగా అవుతుంది, నిన్నటి గొట్టం మూత తీసినప్పుడు గాలిలోకి లేచిన తుంపర ఇవాళ్టి ఫలితాన్ని మార్చడానికి అది చాలు. పీసీఆర్ కలిపే గదీ, జెల్ వేసే గదీ, వాటి పిపెట్లూ కోట్లూ వేరుగా ఉంచమనేది అందుకే. చోటు లేదని ఎవరైనా అంటే కనీసం వేరే బల్ల అయినా అడుగు, మొహమాటపడకు.

పోలిక కోసం పెట్టిన ఈ కంట్రోళ్లన్నీ సరిగ్గా వచ్చినా మరో చిక్కు మిగులుతుంది. నీ జెల్ వాహకుడని చెబుతుంది, ఎదురుగా ఉన్న బిడ్డ మాత్రం ఎముకల నొప్పులతో విలవిలలాడుతుంటాడు. అప్పుడు జెల్‌ను నమ్మాలా, బిడ్డను నమ్మాలా? బిడ్డనే నమ్మాలి. ఆ బిడ్డకు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి సికిల్ జన్యువు, రెండోవారి నుంచి బీటా గ్లోబిన్ తయారీని తగ్గించే బీటా తలసీమియా జన్యువు వచ్చి ఉండవచ్చు. నీ పరీక్ష ఆరో కోడాన్‌ను మాత్రమే అడిగింది కనుక దాని గురించే జవాబిచ్చింది. మన దేశంలో అత్యంత సాధారణంగా కనిపించే బీటా తలసీమియా మార్పు ఆ జన్యువు మొదటి ఇంట్రాన్‌లో, అంటే ప్రోటీన్‌గా మారని మధ్య భాగంలో, ఐదో అక్షరం దగ్గర ఉంటుంది, దాన్ని విడిగా వెతకాలి, లేదా జన్యువు మొత్తాన్నీ సీక్వెన్స్ చేయాలి. ఇక్కడే హెచ్‌పీఎల్‌సీ కాగితం పక్కన పెట్టుకుంటే దారి కనిపిస్తుంది. మామూలు వాహకుడిలో ఆరోగ్యకరమైన రకం హీమోగ్లోబిన్ ఏ ఎక్కువ, సికిల్ రకం ఎస్ తక్కువ. ఈ జంట లోపం ఉన్నవారిలో ఎస్ ఎక్కువ, ఏ తక్కువగా గానీ అసలు లేకుండా గానీ ఉంటుంది. ఒక పరీక్ష ఇంకో పరీక్షతో పొసగని చోటునే పరిశోధన మొదలవుతుందని నా అనుభవం, అటువంటి నమూనాను పొరపాటుగా లెక్కేసి పారవేయకు.

మార్పు ఒకటే అయినా వ్యాధి అందరిలో ఒకేలా ఉండదు. మన దేశంలో చాలామంది సికిల్ రోగుల్లో అరబ్-ఇండియన్ అనే జన్యు నేపథ్యం, దానితోపాటు పిండ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడం కనిపిస్తాయి. అది కణాలు కొడవలిగా మారకుండా కొంత కాపాడుతుంది. పెద్దయ్యాక కూడా కొందరిలో అది ఎందుకు ఎక్కువగా ఉంటుందని వెతుకుతూ పోయినవారికి పిండ హీమోగ్లోబిన్‌ను అణచి ఉంచే బీసీఎల్11ఏ అనే జన్యువు దొరికింది. ఆ జన్యువును రక్త మూలకణాల్లో క్రిస్పర్‌తో అణచే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో అనుమతి లభించింది. అమెరికాలో అప్పుడు దానికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు, కాబట్టి మన్యం బిడ్డకు ఈనాటికీ అందే మందు హైడ్రాక్సీయూరియానే. ఏ జన్యువు ఎంత పని చేస్తోందో చూపే ఆర్ఎన్ఏ మీద నువ్వు పని చేయదలిస్తే ఒక జాగ్రత్త చెబుతాను. సికిల్ రోగి రక్తంలో అప్పుడే పుట్టిన ఎర్రకణాలు చాలా ఎక్కువగా ఉంటాయి. ఆరోగ్యవంతుల రక్తంతో పోల్చి ఫలానా జన్యువు పెరిగిందని నువ్వు చూసేది, తరచుగా ఆ కణాల సంఖ్య పెరగడమే అయి ఉంటుంది. ముందు కణాలను వేరు చేసుకో, లేదా వాటి లెక్కనైనా పక్కన రాసిపెట్టుకో.

ఊళ్లకు వెళ్లే విషయం చివరకు ఉంచాను కానీ దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పాడేరు, అరకు వైపు కొన్ని ఇళ్లలో మాట్లాడేది కువి భాష, మరికొన్ని చోట్ల ఆదివాసీ ఒడియా. తెలుగులో అచ్చువేసిన అంగీకార పత్రం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చేస్తే, చట్టం దృష్టిలో ఏమోగానీ, నా దృష్టిలో అది అంగీకారం కాదు. ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లు, రక్తం ఎందుకు తీస్తున్నావో, మిగిలింది ఎక్కడ దాస్తావో, ఫలితం ఎవరికి చెబుతావో వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పించుకో. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలను పీసీఆర్ పుస్తకం కంటే ముందు చదువు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది, కాబట్టి నువ్వు వెళ్లేసరికే కొందరి చేతుల్లో పరీక్ష ఫలితం రాసిన కార్డులు ఉండవచ్చు. ఆ కార్డును పెళ్లిచూపుల్లో ఆడపిల్లను తిరస్కరించడానికి వాడినవాళ్ల గురించి కూడా నాకు తెలుసు. వాహకురాలని చెప్పడంతో నీ పని అయిపోదు. వాహకురాలు రోగి కాదనీ, భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు వ్యాధి రావచ్చనీ, ఆ సంగతి ముందే తెలిస్తే ఏమేం దారులున్నాయో కూర్చుని వివరించేవరకూ ఆ ఫలితాన్ని వాళ్ల చేతికి ఇవ్వకు. వీలైనంతవరకు అందరి ఎదుటా కాకుండా విడిగా చెప్పు.

రక్తంతో పని కనుక హెపటైటిస్ బీ టీకా ఇంకా వేయించుకోకపోతే ఈ వారమే వేయించుకో. నోటు పుస్తకంలో తేదీ, ఎంజైము లాట్ సంఖ్య, చెడిపోయిన ప్రయోగం, అన్నీ సిరాతో రాయి, కొట్టివేసినా కింద అక్షరాలు కనపడాలి. నా పాత పుస్తకాలు పద్నాలుగు ఇంట్లోనే ఉన్నాయి, ఆ పదకొండు లేన్ల ఫొటో రెండో దానిలో ఉంది. సంక్రాంతికి వస్తావు కదా, చూపిస్తాను. ఈలోగా నీ మొదటి జెల్ ఫొటో పంపు, అంచుల్లోని కంట్రోల్ లేన్లు కత్తిరించకుండా పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ