ప్యాట్రీషియా గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. వచనం బాగుంది. కానీ "ప్రేమ కోసం కిరీటాన్నే కాలదన్నింది" అన్న చివరి వాక్యం చూడగానే ఒళ్లు మండింది. ప్యాట్రీషియా దగ్గర కిరీటం ఎక్కడుంది? బ్రిటన్ రాణి విక్టోరియా మూడో కొడుకు ఆర్థర్‌కి చిన్న కూతురామె. 1919లో నౌకాదళ అధికారి అలెగ్జాండర్ రామ్‌సేని పెళ్లి చేసుకుంటూ రాకుమారి హోదా వదిలి, లేడీ ప్యాట్రీషియా రామ్‌సే అయింది. ఆ పెళ్లి రాజుల పట్టాభిషేకాలు జరిగే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చర్చిలోనే జరిగింది. ఎవరూ ఆమెని వెలివెయ్యలేదు. ఇవన్నీ పైన నువ్వే రాసి, కింద సినిమా డైలాగు పెడితే ఎలా?

అసలు గొడవ మొదటి రెండు పేజీలతో. విక్టోరియా మనవరాలు, ఏడో ఎడ్వర్డ్ తమ్ముడి కూతురు, ఐదో జార్జికి బాబాయి కూతురు, స్వీడన్ యువరాజుకి మరదలు. అన్నీ నిజమే, కానీ శుభలేఖ చదువుతున్నట్టుంది. చుట్టం కథలోకి రావాలంటే ఏదో ఒకటి చేసి ఉండాలి, లేదా పోగొట్టుకుని ఉండాలి. ఈ మాట మీద నేను ఎవరితోనూ రాజీపడను. తండ్రి 1911 నుంచి 1916 దాకా కెనడా గవర్నర్ జనరల్ కాబట్టే, 1914 ఆగస్టులో అక్కడ ఏర్పడిన రెజిమెంటుకి, అంటే సైనిక దళానికి, ఈ అమ్మాయి పేరు పెట్టారు. కథలోకి తండ్రి రావలసింది అక్కడ. దాని జెండా మీద ఎంబ్రాయిడరీ ఆమే స్వయంగా చేసింది. సైనికులు ఆ జెండాని మొదటి ప్రపంచ యుద్ధానికి పట్టుకెళ్లారు. 1915 మే 8న బెల్జియంలోని ఫ్రెజెన్‌బర్గ్ పోరు ముగిసేసరికి మిగిలింది నలుగురు అధికారులు, 150 మంది జవాన్లు. నువ్వు ఆ జెండాని సగం వాక్యంలో దాటేశావు!

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక జమీందారిణి గురించి రాశాను. కరువులో ఆమె గంజి పోయించిన లెక్కల పుస్తకం కోసం అప్పు చేసి ఊళ్లు తిరిగాను. ఒక వారపత్రిక ఎడిటర్ గంజి సంగతంతా కొట్టేసి, వంశవృక్షం, నగల వర్ణన ఉంచాడు. పాఠకులకి ఇదే కావాలన్నాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పుడూ రాజకుటుంబం అనగానే గౌన్లు, విడాకులు అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం రాయకు.

ప్యాట్రీషియా అక్క మార్గరెట్‌ని చూడు. స్వీడన్ చుట్టరికం చెప్పడానికే ఆమెని తీసుకొచ్చావు. ఐదుగురు పిల్లల తల్లి, మళ్లీ నిండు నెలల్లో ఉండగా 1920 మే 1న చనిపోయింది. అంతకుముందు 1917లో ఈ అక్కచెల్లెళ్ల తల్లి పోయింది. ఆ రెండు చావుల మధ్యే ప్యాట్రీషియా పెళ్లి, కొడుకు పుట్టడం.

ఆ ఒక్కగానొక్క కొడుకు 1943లో ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. అదే ఏడాది ఆమె పేరున్న రెజిమెంటు సిసిలీలో దిగింది. 1918 నుంచి, 1974లో కన్నుమూసేదాకా ఆమే దానికి కల్నల్-ఇన్-చీఫ్, అంటే గౌరవ అధిపతి. ఒకపక్క కన్నకొడుకు, ఇంకోపక్క తన పేరు మోస్తున్న పరాయి బిడ్డలు. నీ వ్యాసంలో ఈ సంవత్సరమే లేదు. ముందు అది రాసి పంపు. ఏ పత్రికకి ఇవ్వాలన్నది తర్వాత చూద్దాం.