పాఠకుల ప్రశ్నలు: ప్రొజెక్టర్ కొనే ముందు గదిని కొలవండి

ప్రశ్న: మాది నెల్లూరు. మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటుంది. పడమటి గోడకు రెండు పెద్ద కిటికీలున్నాయి. టీవీ తీసేసి 120 అంగుళాల బొమ్మ పడే ప్రొజెక్టర్ పెట్టాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ఒక ప్రకటనలో 9,000 ల్యూమెన్లు, ఫోర్‌కే సపోర్ట్ అని రాసిన యంత్రం పన్నెండు వేల రూపాయలకే వస్తోంది. దుకాణంలో చూపించినదానికి 2,200 ల్యూమెన్లే ఉన్నాయి, ధర మాత్రం అయిదు రెట్లు. తక్కువ వెలుగుకు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలి? పగలు మా అత్తగారు సీరియళ్లు కూడా దాని మీదే చూడాలి.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు పోల్చిన రెండు అంకెలూ ఒకే కొలతతో వచ్చినవి కావు. ప్రమాణాల సంస్థల పేర్లతో ఆన్సీ ల్యూమెన్లు లేదా ఐఎస్ఓ ల్యూమెన్లు అని స్పష్టంగా రాసి ఉంటే, తెల్లని బొమ్మను వేసి, దానిని తొమ్మిది భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగం మీద పడిన వెలుగును కొలిచి, ఆ సగటును బట్టి లెక్క కట్టారని అర్థం. ఊరికే ల్యూమెన్లు అని వేసిన అంకె చాలాసార్లు యంత్రం లోపలి దీపం వెదజల్లే వెలుగే తప్ప లెన్స్ దాటి బయటికి వచ్చేది కాదు. కొన్నిసార్లు అది కూడా కాదు, ప్రకటన రాసినవారి ఉత్సాహం మాత్రమే. పన్నెండు వేల యంత్రం నిజంగా 9,000 ల్యూమెన్లు ఇచ్చేదైతే కల్యాణ మండపాలవాళ్లు లక్షలు పోసి పెద్ద ప్రొజెక్టర్లు కొనవలసిన అవసరమే ఉండేది కాదు.

అసలు ఎంత వెలుగు కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 100 అంగుళాల బొమ్మ అంటే మూల నుంచి మూలకు కొలత. దాని వెడల్పు సుమారు 7 అడుగుల 3 అంగుళాలు, ఎత్తు 4 అడుగుల 1 అంగుళం, వైశాల్యం దాదాపు 30 చదరపు అడుగులు. ఫిల్మ్ రీళ్లు వేసే రోజుల్లో సినిమా హాళ్లు పాటించిన ప్రమాణాన్ని మామూలు తెల్ల తెరకు అన్వయిస్తే చదరపు అడుగుకు 16 ల్యూమెన్ల చొప్పున వస్తుంది. ఆ లెక్కన బాగా చీకటి చేసిన గదిలో 480 ల్యూమెన్లు సరిపోతాయి. అదే 120 అంగుళాలకు పెంచితే వైశాల్యం 43 చదరపు అడుగులకు చేరుతుంది కాబట్టి దాదాపు 690 కావాలి. రంగులు సహజంగా కనిపించే సినిమా మోడ్‌లో పెట్టినప్పుడు చాలా యంత్రాల వెలుగు మూడో వంతు, ఒక్కోసారి సగం వరకూ తగ్గిపోతుంది. దీపం వాడకంతో మసకబారడం దీనికి అదనం. ఇవన్నీ పోగా మిగలాలంటే 2,200 అన్నది పెద్ద అంకె కాదు, సరిపడే అంకె.

కిటికీల సంగతి అంతకంటే ముఖ్యం. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నల్లగా ఉండవలసిన చోట వెలుగు వేయకుండా ఊరుకుంటుంది, అంతే. అందువల్ల మీ తెర మీద కనిపించే నలుపు ఆ గదిలో అప్పటికే ఎంత చీకటి ఉందో అంతకు మించి ఉండదు. సాయంత్రం నాలుగు గంటలకు పడమటి ఎండ గోడ మీద పడుతుంటే ఎంత ఖరీదైన యంత్రమైనా వెలిసిపోయిన బొమ్మనే చూపిస్తుంది. కాబట్టి బడ్జెట్‌లో మొదటి భాగాన్ని వెలుతురు చొరనివ్వని మందపాటి కర్టెన్లకు కేటాయించండి. టీవీని తీసివేయకండి. పగటిపూట సీరియళ్లకు, వార్తలకు, పండగ రోజుల్లో అందరూ వస్తూ పోతూ ఉండగా చూసేవాటికి టీవీయే తగినది. మీ అత్తగారి తరఫున ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక దూరం. ప్రతి ప్రొజెక్టర్ వివరాల్లో త్రో రేషియో అని ఒక సంఖ్య ఉంటుంది. బొమ్మ వెడల్పును దానితో హెచ్చవేస్తే లెన్స్ నుంచి తెరకు ఉండవలసిన దూరం తెలుస్తుంది. 100 అంగుళాల బొమ్మకు, ఆ సంఖ్య 1.2 అయితే సుమారు 8 అడుగుల 9 అంగుళాలు, 1.5 అయితే దాదాపు 11 అడుగులు కావాలి. మీ హాల్లో రెండూ కుదురుతాయి. అయితే పై కప్పుకు బిగించాలనుకుంటే ముందుగా సీలింగ్ ఫ్యాన్ ఎక్కడ ఉందో చూడండి. రెక్కలు వెలుగుకు అడ్డం వస్తే సినిమా అంతా తెర మీద నీడలు తిరుగుతూనే ఉంటాయి. కంపెనీల కరపత్రాల్లో ఇళ్లకు సీలింగ్ ఫ్యాన్లు ఉండవు గనుక ఈ విషయం అక్కడ కనిపించదు.

ఫోర్‌కే సపోర్ట్ అంటే ఫోర్‌కే, అనగా 3840×2160 చుక్కల సిగ్నల్‌ను తీసుకోగలదని మాత్రమే. వేసేది ఎంత అన్నది నేటివ్ రిజల్యూషన్ అనే వరుసలో చూడాలి. అక్కడ 1280×720 అని ఉంటే తెర మీద పడేవి దాదాపు 9.2 లక్షల చుక్కలు, 1920×1080 అయితే 20.7 లక్షలు, అసలైన ఫోర్‌కే అయితే 83 లక్షలు. పది అడుగుల దూరం నుంచి 100 అంగుళాల బొమ్మ చూడటానికి 1920×1080 కనీసం ఉండాలన్నది నా అభిప్రాయం. అంతకు తక్కువైతే పేర్లు పడేటప్పుడు అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. మా మిద్దె మీది గదిలో ప్రొజెక్టర్‌కు గేమింగ్ కన్సోల్ కలిపాను. సినిమాలు బాగున్నాయి కానీ క్రికెట్ గేమ్‌లో నేను బటన్ నొక్కిన తరువాత కాసేపటికి గానీ బ్యాట్ కదలడం లేదు. స్నేహితుడి ఇంట్లో టీవీ మీద ఇదే కన్సోల్‌తో ఈ ఇబ్బంది లేదు.
— ఒక విద్యార్థి

సమాధానం: తప్పు మీ వేళ్లదీ కాదు, కన్సోల్‌దీ కాదు. కన్సోల్ పంపిన బొమ్మను ప్రొజెక్టర్ అందుకుని, మెరుగులు దిద్ది, తెర మీద వేయడానికి పట్టే సమయాన్ని ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు. సెకనుకు 60 బొమ్మలు వచ్చే ఆటలో ఒక్కొక్క బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా మోడ్‌లో కదలికలను నునుపు చేసే సదుపాయం పనిచేస్తుంటే, రెండు బొమ్మల నడుమ కొత్త బొమ్మను కల్పించడానికి యంత్రం తరువాతి బొమ్మ వచ్చేదాకా ఆగవలసిందే. అలా ఆగడం, దిద్దడం అన్నీ కలిసి ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటిందంటే బంతి వికెట్లను తాకిన తరువాతే మీ బ్యాట్ లేస్తుంది.

ముందు సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. కదలికల నునుపును, బొమ్మలోని రవ్వలను తగ్గించే నాయిస్ రిడక్షన్ ఫిల్టర్ల వంటి బొమ్మ మెరుగులను ఆపివేయండి. తరువాత, ప్రొజెక్టర్‌ను పక్కగా ఉన్న అలమర మీద పెట్టి వంకరపోయిన బొమ్మను సరిచేసే కీస్టోన్ సెట్టింగుతో దీర్ఘచతురస్రంగా దిద్దుకున్నారా అన్నది చూసుకోండి. ఆ సర్దుబాటు లెన్స్ చేసేది కాదు, బొమ్మనే నొక్కి కుదించేది; దాని వల్ల చుక్కలు కొన్ని వృథా అవుతాయి, కొన్ని యంత్రాలలో ఆలస్యమూ పెరుగుతుంది. ప్రొజెక్టర్‌ను తెరకు ఎదురుగా, నిటారుగా జరిపి కీస్టోన్‌ను సున్నాకు తెస్తే చాలావరకు తేడా తెలుస్తుంది. శబ్దం బ్లూటూత్ స్పీకర్ ద్వారా వస్తుంటే అది కాస్త ఆలస్యంగా చేరుతుంది, స్పీకర్‌ను వైరుతో కలపండి. సినిమాలో బొమ్మను కాస్త ఆపి శబ్దానికి జత చేయవచ్చు గానీ, ఆటలో బొమ్మను ఆపడానికి వీలులేదు కదా.

ఇంత చేసినా ఆలస్యం తగ్గకపోతే అది ఆ యంత్రం నిర్మాణంలోనే ఉన్నట్లు. మరొకటి కొనేటప్పుడు గేమ్ మోడ్‌లో 20 మిల్లీసెకన్ల దరిదాపులో ఉన్నదానిని ఎంచుకోండి. ఫోర్‌కే బొమ్మ సెకనుకు 60 చొప్పున రావాలంటే కన్సోల్ కేబుల్ కలిపే చోట హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు ఉండాలి, 1.4 అయితే 30 దగ్గరే ఆగిపోతుంది. ఒకే చిప్ ఉన్న డీఎల్‌పీ (చిప్ మీది సూక్ష్మ అద్దాలతో బొమ్మ వేసే) ప్రొజెక్టర్లు రంగులను ఒకదాని వెంట ఒకటిగా వేస్తాయి గనుక కొందరికి కన్ను తిప్పినప్పుడు ఇంద్రధనుస్సు మెరుపులు కనిపిస్తాయి. మూడు రంగులనూ ఒకేసారి వేసే మూడు ఎల్‌సీడీ పలకలున్నవాటిలో ఆ సమస్య ఉండదు. కొనే ముందు దుకాణంలో ఒక పావుగంట ఆడి చూడండి. దుకాణదారుడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర, సముద్రానికి చేరువలో ఉన్న ఊరు. ఎండాకాలం మధ్యాహ్నాలు ప్రొజెక్టర్ తనంతట తానే ఆగిపోతోంది. బొమ్మలో రెండు చోట్ల బూజు లాంటి మచ్చలు కూడా కనిపిస్తున్నాయి.
— ఒక పాఠకుడు

సమాధానం: చాలా ప్రొజెక్టర్లు 35 లేదా 40 డిగ్రీల వరకే పనిచేయడానికి తయారైనవి. రోహిణీ కార్తెలో రేకుల కప్పు కింది గది ఆ హద్దు సులభంగా దాటుతుంది. అప్పుడు యంత్రం ఆగిపోవడం చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. గాలి వచ్చే, పోయే రంధ్రాల చుట్టూ కనీసం అడుగు ఖాళీ వదలండి, ఫిల్టర్ ఉంటే దుమ్ము దులపండి. మచ్చలు లెన్స్ మీద తుడిచినా పోకపోతే దుమ్ము లోపలి పలక మీద చేరిందన్నమాట. నోటితో ఊదకండి, తేమ వెళుతుంది. సర్వీసు చేసేవారి చేత విప్పించి తుడిపించండి. ఉప్పుగాలి ఉన్నచోట వాడనప్పుడు మూతపెట్టి ఉంచాలి, వారానికి ఒకసారైనా అరగంట వేయాలి. దీపం ఉన్న రకమైతే కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ కూడా ఆగి, వేడి లోపలే ఉండిపోతుంది. ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే యంత్రాన్ని పద్ధతిగా ఆపడానికి సమయం దొరుకుతుంది.

ప్రశ్న: చీమకుర్తిలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. తెర కొనాలా, తెల్ల గోడ చాలా?
— ఒక పాఠకుడు

సమాధానం: గోడ నునుపుగా ఉండి, మెరుపులేని తెల్ల రంగు వేసి ఉంటే మొదటి ఏడాదికి గోడే చాలు. మీ ఊరి విషయంలో నాకు గోడ కన్నా నేల మీద అనుమానం ఎక్కువ. మీ ఊళ్లో దొరికే నల్లని గెలాక్సీ గ్రానైట్‌ను అద్దంలా పాలిష్ చేయించి ఉంటే తెర మీది వెలుగు నేలలో మెరిసి చూపును లాగుతూ ఉంటుంది. తెరకు ముందు నాలుగు అడుగుల మేర ముదురు రంగు తివాచీ పరవండి. కుర్చీలు దాని వెనుక నుంచి వేసుకోండి.