పాఠకుల ప్రశ్నలు: వేసవి సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి పూర్తి చేసింది. పోయిన వేసవిలో ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా పుస్తకం ముట్టుకోలేదు. బడి తెరిచాక తెలుగు వాచకంలో వత్తులున్న మాట వస్తే చాలు, ఆగిపోయేది. ఈసారి అలా జరగకూడదని రోజుకు పది పేజీలు చదవాలనీ, చదివినదాన్ని నోటుబుక్కులో రాయాలనీ నియమం పెట్టాను. నాలుగో రోజుకే ఏడుపు మొదలైంది. ఇప్పుడు ఫోను ఇస్తానంటే తప్ప పుస్తకం తెరవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందుగా ఆ నోటుబుక్కును అటక మీద పెట్టేయండి. చదివిన ప్రతిదాన్నీ తిరిగి రాయాలని తెలిసిన పిల్లలు రాయడానికి వీలుగా ఉండే పుస్తకాన్నే వెతుక్కుంటారు. అంటే అన్నిటికంటే పలచనిదాన్ని.

బడి తెరిచాక మీ పాప తడబడటానికి కారణం అక్షరాలు మరిచిపోవడం కాదు. మూడో తరగతికి అక్షరమాల, గుణింతాలు వచ్చినా, ‘రాష్ట్రం’ వంటి మాటలో ఒకదాని కింద ఒకటి చేరిన హల్లులను చూడగానే పలకగలిగే వేగం ఇంకా స్థిరపడి ఉండదు. ఆ వేగం రోజూ చదవడం వల్లనే వస్తుంది, ఆరేడు వారాలు మానేస్తే కొంత తగ్గుతుంది, మళ్ళీ చదవడం మొదలుపెడితే తిరిగి వస్తుంది. అమెరికాలో బార్బరా హేన్స్ అట్లాంటా పిల్లలపై చేసిన అధ్యయనం 1978లో పుస్తకంగా వచ్చినప్పటి నుంచి ఈ ‘వేసవి నష్టం’ గురించి చర్చ నడుస్తూనే ఉంది. పాత పరీక్షల పద్ధతి వల్ల ఆ నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించిందని ఇటీవలి పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు కనుక మీరు మరీ బెంగపెట్టుకోనక్కరలేదు. అయితే ఆ చర్చలో మనకు పనికివచ్చే విషయం ఒకటి ఉంది. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే ఇద్దరు ఆచార్యులు ఫ్లోరిడాలోని పేద కుటుంబాల పిల్లలకు వరసగా మూడు వేసవులు, ఏడాదికి పన్నెండు పుస్తకాల చొప్పున ఇచ్చారు. ఆ పుస్తకాలను ఎంచుకున్నది పిల్లలే. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పుస్తకాలు అందని పిల్లల కంటే వీరు చదివే శక్తిలో ముందున్నారు, మిక్కిలి పేద ఇళ్ళ పిల్లలకు లాభం మరింత ఎక్కువగా కనిపించింది. మన ఇళ్ళలో సాధారణంగా పుస్తకాన్ని ఎంచేది పెద్దలు, చదవవలసింది పిల్లలు. చిక్కు చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం.

కాబట్టి పాపను పుస్తకాల దుకాణానికో గ్రంథాలయానికో తీసుకువెళ్ళి, బొమ్మ నచ్చిందనో పేరు నచ్చిందనో ఏది పట్టుకుంటే దాన్నే తీసుకోనివ్వండి. ఒకటో తరగతి పిల్లలు చదివేది తీసుకున్నా అడ్డు చెప్పవద్దు. మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదవమనండి. ఆ పేజీలో నాలుగైదు మాటల కంటే ఎక్కువచోట్ల ఆగితే, అది మీరు చదివి వినిపించవలసిన పుస్తకం అనుకోండి. అంతేగాని, ‘ఇది నీకు రాదులే’ అని అలమరలో పెట్టించవద్దు.

ఇంటికి వచ్చాక ఒక పేజీ మీరు, ఒక పేజీ పాప వంతులవారీగా చదవండి. ఆమె వంతులో ‘రథం చుట్టూ జనం ఉత్సాహంగా నడుస్తున్నారు’ అనే వాక్యం వచ్చిందనుకుందాం. ‘ఉత్...’ దగ్గర ఆగుతుంది. ‘త కింద ఏ వత్తు ఉంది? సరిగా చూడు’ అని మనం అడుగుతాం. ఆమె వెతికి చెప్పేలోగా రథమూ పోతుంది, జనమూ పోతారు, మిగిలేది వత్తు ఒక్కటే. దానికి బదులు ఒక్క క్షణం ఆగి, ఆ మాట కింద వేలు పెట్టి మీరే ‘ఉత్సాహంగా’ అని పలికి, వాక్యాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదవమనండి. అదే మాట రెండు పేజీల తరువాత మళ్ళీ వస్తే తనంతట తానే చదివేస్తుంది. వత్తుల పాఠం చెప్పడానికి జూన్‌లో బడి ఉండనే ఉంది.

వేళ విషయానికి వస్తే, మే నెలలో పదకొండు నుంచి నాలుగు దాకా గుంటూరు ఎండలో పిల్లలను బయటికి పంపలేము కనుక, మధ్యాహ్నం భోజనాల తరువాత పావుగంటో ఇరవై నిమిషాలో సరిపోతుంది. పది పేజీలన్న లెక్క వద్దు. ‘చదివితే ఫోను ఇస్తాను’ అనే బేరం అసలే వద్దు. ఆ బేరంలో ఫోను బహుమతి, పుస్తకం దానికి కట్టే జరిమానా అవుతుంది. ఫోను ఇచ్చే వేళ వేరుగా పెట్టి, చదివే ఆ కాసేపు ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను లేకుండా చూడండి. ఈ షరతు పిల్లలకంటే నాన్నలకే కష్టంగా ఉందని మాకు వచ్చే ఉత్తరాలు చెబుతున్నాయి.

పాప ఇంగ్లీషు పుస్తకాలు ఇష్టపడితే వాటిని తన వేళలో చదువుకోనివ్వండి. మీతో కలిసి చదివేవి మాత్రం తెలుగులో ఉంటే మేలు, ఎందుకంటే బడిలో తెలుగుకు దొరికేది తక్కువ సమయం. పక్కింటి పిల్లల దగ్గర నాలుగో తరగతి తెలుగు వాచకం పాతది దొరికితే అడిగి తెచ్చుకోండి. వచ్చే ఏడాది పుస్తకమంటే పిల్లలకు ఎక్కడలేని కుతూహలం. అందులోని కథల వరకు చదివి, అభ్యాసాల జోలికి పోకండి.

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలోని ఒక పల్లెలో ఉంటాను. సెలవులకు నా మనవలు ఇద్దరు, ఏడేళ్ళవాడు, పదేళ్ళవాడు, హైదరాబాదు నుంచి వస్తారు. మా ఊళ్ళో పుస్తకాల దుకాణం లేదు. వాళ్ళ చేత ఏం చదివించాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీ మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం కనుక అక్కడ అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఇప్పుడు చాలా శాఖలు ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువకులతో నిండి ఉంటున్నాయి, అది మంచిదే. కానీ పిల్లల పుస్తకాల బీరువాకు తాళం వేసి ఉండటం కూడా మామూలైపోయింది. తాళం తీయించి, పిల్లలనే లోపల వెతుక్కోనివ్వండి. కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి కూడా తెచ్చుకోవచ్చు. శాఖలు చాలాచోట్ల ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు మాత్రమే తెరిచి ఉంటాయి గనుక వేళలు ముందుగా కనుక్కొని వెళ్ళండి. మీ ఊరి బడికి వచ్చిన కథల పుస్తకాలు కూడా సెలవుల్లో ప్రధానోపాధ్యాయుల గది దాటవు. చివరి పనిదినానికి ముందే వెళ్ళి, సంతకం పెట్టి నాలుగు తెచ్చుకోగలిగితే ఆ సమస్య తీరుతుంది.

కొనదలచుకుంటే హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల కోసం తెలుగులో బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే వేస్తున్నాయి. వచ్చేటప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో కొని తెమ్మనవచ్చు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని నాలుగు స్థాయిలుగా విభజించారు కనుక చిన్నవాడికి రెండో స్థాయి, పెద్దవాడికి మూడు, నాలుగు స్థాయిలు చూడవచ్చు. మండల కేంద్రంలోని జిరాక్సు దుకాణంలో కాగితం మీద ముద్రించుకుంటే ఫోను పట్టుకునే పని ఉండదు.

ఇవేవీ దొరకని రోజున మీ ఇంట్లోనే చదవవలసింది చాలా ఉంది. మే నెలలో ముహూర్తాలు ఉంటే, చూరులో పది శుభలేఖలైనా ఉంటాయి. ‘చి.ల.సౌ. అంటే ఏంది తాతా?’ అని పెద్దవాడు తప్పకుండా అడుగుతాడు. పెళ్ళి ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకు, విందు ఎక్కడ అన్నది వాణ్ణే చదివి చెప్పమనండి. ఆర్టీసీ బస్సు బోర్డులు, విత్తనాల సంచి మీద రాసిన జాగ్రత్తలు చిన్నవాడికి సరిపోతాయి. పొద్దున్నే దినపత్రిక అందుకొని, ‘కండ్లద్దాలు ఎక్కడ పెట్టిన్నో యాదికి లేదు బిడ్డా, ఈ నాలుగు ముక్కలు చదివి పెట్టు’ అని చూడండి. తాను చదివితే తప్ప తాతకు వార్త తెలియదన్నప్పుడు పిల్లవాడు చదివే తీరు మారిపోతుంది. అక్కడక్కడా తప్పు చదివినా, మీకు అర్థమైతే దిద్దకుండా వినండి. అర్థం కాకపోతే, ‘ఏమన్నవ్? మళ్ళొక్కసారి చదువు’ అంటే చాలు, వాడే సరిచేసుకుంటాడు.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్ళు. దగ్గరలోని ఒక శిక్షణ కేంద్రంలో నెల రోజుల ‘వేసవి పఠన శిబిరం’ పెట్టారు. చేర్పించమంటారా?
– ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: ఐదేళ్ళకు ఆ అవసరం లేదు. ఆ రుసుములో సగంతో ఇంటికి డజను బొమ్మల పుస్తకాలు వస్తాయి. ఈ వయసులో బాబు తానుగా చదవనక్కరలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చదువుతున్న వరుస కింద వేలు జరుపుతూ మీరు చదివితే చాలు. మధ్యలో లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, మళ్ళీ వస్తాడు. మొన్న చదివిన పుస్తకమే తెచ్చి మళ్ళీ చదవమంటాడు. విసుగు అనిపించినా చదవండి, ఎందుకంటే ఆ వాక్యాలు వాడికి నోటికి వస్తున్నది అలాగే. త్వరగా ముగిద్దామని పేజీ దాటేయవద్దు, వెంటనే పట్టుకుంటాడు. ఒకవేళ పట్టుకుంటే, తప్పిపోయిన ఆ పేజీని వాణ్ణే చదివి చెప్పమనండి. అక్షరాలు రాకపోయినా, బొమ్మలు చూస్తూ మొత్తం చెప్పేస్తాడు.