మధ్యవర్తి ఒప్పందంపై సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది పటాన్‌చెరు ప్రాంతంలోని ఒక ప్రైవేటు కర్మాగారం. నేను యూనియన్ కార్యదర్శిని. సూపర్‌వైజరుతో గొడవ పడ్డారన్న ఆరోపణపై డొమెస్టిక్ ఎంక్వైరీ (యాజమాన్యమే జరిపే అంతర్గత విచారణ) జరిపి ఇద్దరు కార్మికులను ఉద్యోగం నుంచి తీసివేశారు. ఆ తరువాత అందరికీ నైట్ షిఫ్ట్ అలవెన్సు తగ్గించారు. కార్మిక శాఖ అధికారి సమక్షంలో చర్చలు జరిగినా ఏమీ తేలలేదు. ఇప్పుడు యాజమాన్యం ఒక రిటైర్డ్ జడ్జి పేరు సూచించి, ఆయన ఇచ్చే తీర్పుకు ఇరుపక్షాలూ కట్టుబడి ఉండేలా ఒప్పంద పత్రం తయారుచేసి పంపింది. మా సభ్యులలో కొందరు సమ్మెకు దిగుదామంటున్నారు. సంతకం పెట్టవచ్చా?

జవాబు: మధ్యవర్తిత్వానికి ఒప్పుకోవచ్చు, కానీ వారు పంపిన పత్రం మీద మాత్రం ఉన్నది ఉన్నట్టుగా సంతకం పెట్టకండి. మధ్యవర్తి అధికారమంతా ఆ పత్రం నుంచే వస్తుంది. అందులో అడిగిన ప్రశ్నకే ఆయన జవాబు చెప్పగలరు; దాన్ని దాటి ఎంత న్యాయమైన మాట చెప్పినా, పరిధి మించారన్న కారణంతో ఆ అవార్డు (మధ్యవర్తి ఇచ్చే తీర్పు) హైకోర్టులో వీగిపోవచ్చు.

అందుచేత వివాదాంశం ఎలా రాశారో ముందుగా చూడండి. 'ఇద్దరు కార్మికులను తొలగించే అధికారం యాజమాన్యానికి ఉన్నదా?' అని రాసి ఉంటే, స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థలోని ఉద్యోగ నియమావళి) ప్రకారం ఉన్నదని ఒక్క వాక్యంలో తేల్చి ముగించవచ్చు. దాని బదులు, 'ఫలానా తేదీన జరిగిన తొలగింపు న్యాయమైనదా? ఎంక్వైరీ సక్రమంగా జరిగిందా? ఆరోపణ రుజువైనా, దానికి ఈ శిక్ష తగినదేనా? కాకపోతే వారికి కలిగించవలసిన ఉపశమనం ఏమిటి?' అని రాయించండి. శిక్షను తగ్గించడానికి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమనడానికి, వెనుకటి జీతాలు ఇప్పించడానికి అప్పుడే దారి ఉంటుంది. తొలగింపు శిక్షలో జోక్యం చేసుకొనే అధికారాన్ని ఇచ్చిన పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 11-ఎ సెక్షన్ మధ్యవర్తులను పేరుపెట్టి ప్రస్తావించకపోయినా, ఆ అధికారం వారికీ ఉంటుందని గుజరాత్ స్టీల్ ట్యూబ్స్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు స్పష్టం చేసింది. అది పాత చట్టం నాటి తీర్పు కనుక, ఆ అధికారాన్ని మీ పత్రంలో మాటల్లోనే రాసుకుంటే రేపు వాదనకు తావుండదు.

అలవెన్సు సంగతి వేరు. అది అందరికీ సంబంధించిన సేవా నిబంధన. అటువంటి మార్పు చేయాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వచ్చిందో లేదో చూసుకొని, దాన్ని ప్రత్యేక అంశంగా రాయించండి. రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా రాస్తే, అలవెన్సులో కొంత పెంచి, తొలగించిన ఇద్దరి విషయం సర్దుకొమ్మనే ధోరణికి మీరే అవకాశం ఇచ్చినవారవుతారు. ఆ ఇద్దరి బతుకుతెరువు బేరానికి పెట్టవలసిన వస్తువు కాదు.

ఇప్పుడు అమలులో ఉన్నది పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020. ఇది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. పాత చట్టంలోని 10-ఎ సెక్షన్ స్థానంలో ఇందులో 42వ సెక్షన్ ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, ఇరుపక్షాలూ సంతకాలు చేయాలి, ప్రతులు ప్రభుత్వానికీ, రాజీ అధికారికీ (ఇరుపక్షాల మధ్య రాజీకి ప్రయత్నించే కార్మిక శాఖ అధికారి) పంపాలి. మధ్యవర్తులు సరి సంఖ్యలో ఉంటే, వారు ఏకాభిప్రాయానికి రాలేనప్పుడు తేల్చడానికి ఒక అంపైరును కూడా అందులోనే పేర్కొనాలి. వ్యాపార వివాదాలకు వాడే 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం దీనికి వర్తించదు కనుక, ఆ చట్టం పేరు మీ పత్రంలో ఎక్కడైనా కనిపిస్తే కొట్టివేయించండి.

గడువు రాయడం మరచిపోవద్దు. పాత కేంద్ర నియమాలలోని 'సి' నమూనా పత్రంలో, నిర్ణీత కాలంలో అవార్డు రాకపోతే ఆ నివేదన (వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించడం) దానంతటదే రద్దవుతుందనీ, ఇరుపక్షాలూ కొత్త మధ్యవర్తిత్వం కోసం మాట్లాడుకోవచ్చనీ ఒక షరతు ఉండేది. అటువంటి వాక్యం మీ పత్రంలోనూ ఉండాలి. గడువు లేని మధ్యవర్తిత్వంలో నష్టపోయేది, జీతం ఆగి ఇంట్లో కూర్చున్న ఆ ఇద్దరే.

అవార్డు వచ్చే వరకు అలవెన్సు ఎంత చెల్లిస్తారన్నది కూడా రాసుకోవాలి. 1918 నాటి అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెలో ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 శాతానికి మించమన్నారు. గాంధీజీ నిరాహారదీక్ష తరువాత కుదిరిన రాజీ ప్రకారం, మొదటి రోజుకు 35 శాతం, రెండవ రోజుకు 20 శాతం, మూడవ రోజు నుంచి తీర్పు వెలువడే వరకు ఇరుపక్షాల అంకెలకు సరిగ్గా నడుమనున్న 27.5 శాతం చెల్లించారు. ఇరుపక్షాలూ అంగీకరించిన ఆచార్య ఆనందశంకర్ ధ్రువ చివరకు 35 శాతమే న్యాయమని తీర్పు చెప్పారు. తీర్పు వచ్చే దాకా కార్మికులు ఆకలితో ఉండకుండా ముందే ఏర్పాటు చేసుకోవడం వల్లనే వారు నిబ్బరంగా ఎదురుచూడగలిగారు.

ఇక జడ్జి గారి పేరు. యాజమాన్యం సూచించినంత మాత్రాన ఆయనను అనుమానించనవసరం లేదు. ఆయన గతంలో ఆ కంపెనీకి గాని, దాని అనుబంధ సంస్థలకు గాని సలహాదారుగా ఉన్నారా అని రాతపూర్వకంగా అడగండి; మీరూ రెండు మూడు పేర్లు ఇవ్వండి. ఫీజు ఎవరు ఎంత భరించాలో కూడా పత్రంలోనే ఉండాలి. ఆ తరువాత ముసాయిదాను జనరల్ బాడీలో చదివి వినిపించి, తొలగించబడిన ఇద్దరి సమ్మతి ప్రత్యేకంగా తీసుకోండి. ఈ దారిలోకి వెళ్ళాక వెనక్కి రావడం కష్టం: అవార్డు మీద అప్పీలు లేదు. పరిధి మీరినా, ఇరుపక్షాల వాదనా వినాలన్నటువంటి సహజ న్యాయసూత్రాలను తోసిపుచ్చినా, రికార్డు చూడగానే కనిపించే చట్టపరమైన పొరపాటు ఉన్నా మాత్రమే హైకోర్టు రిట్ ద్వారా జోక్యం చేసుకుంటుంది.

సమ్మె కోరే సభ్యుల ఆవేదన అర్థం చేసుకోదగినదే. అయితే రాజీ చర్యలు నడుస్తున్నప్పుడూ, అవి ముగిసిన 7 రోజుల వరకూ సమ్మె నిషిద్ధం. 14 రోజుల ముందస్తు నోటీసు కూడా తప్పనిసరి. నా అభిప్రాయంలో మీ వివాదం మధ్యవర్తిత్వానికి తగినదే. 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న మన వి.వి. గిరి గారు, ప్రభుత్వం వివాదాలను నిర్బంధంగా ట్రిబ్యునళ్ళకు పంపడం కంటే, ఇరుపక్షాలూ ముఖాముఖి తేల్చుకోవడమే, అది కుదరనప్పుడు తామే ఎంచుకున్న మధ్యవర్తిని ఆశ్రయించడమే మేలని గట్టిగా నమ్మారు. ఆ నమ్మకం సరైనదేనని నేనూ భావిస్తాను, కార్మికుల మాట కూడా ఆ ఒప్పంద పత్రంలో ఉన్నంతవరకు.

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో రెండు యూనియన్లున్నాయి. పెద్ద యూనియన్ బోనస్ వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించింది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ అవార్డు మాకూ వర్తిస్తుందా? (గాజువాక పాఠకుడు)

జవాబు: సాధారణంగా అది ఒప్పందం చేసుకున్న పక్షాలకే వర్తిస్తుంది. కానీ ఇరువైపులా మెజారిటీకి ప్రాతినిధ్యం వహించేవారే సంతకాలు చేశారని ప్రభుత్వం నమ్మి నోటిఫికేషన్ జారీ చేస్తే, అది మీతో పాటు రేపు చేరబోయే కార్మికులకు కూడా వర్తిస్తుంది. అటువంటప్పుడు, ఒప్పందంలో లేకపోయినా వివాదంతో సంబంధం ఉన్నవారికి మధ్యవర్తి ఎదుట తమ వాదన వినిపించుకొనే అవకాశం ఇవ్వాలి. కనుక నోటిఫికేషన్ వెలువడిందేమో కార్మిక శాఖ కార్యాలయంలో వెంటనే కనుక్కొని, వెలువడి ఉంటే మధ్యవర్తికి రాతపూర్వక వినతి అందజేసి రసీదు తీసుకోండి. అలిగి దూరంగా ఉంటే అవార్డు మీకు తప్పదు, మీ వాదన మాత్రం అందులో ఉండదు. నోటిఫికేషన్ వచ్చాక మధ్యవర్తిత్వం నడుస్తున్నంత కాలం, ముగిసిన 60 రోజుల వరకు సమ్మె కూడా కుదరదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా యూనిట్‌లో 28 మందిమి. యూనియన్ లేదు. నా సెలవు జీతం కోత పెట్టారు. ఇంత చిన్న విషయానికి మధ్యవర్తి వస్తారా? (కూకట్‌పల్లి పాఠకురాలు)

జవాబు: మధ్యవర్తి దాకా వెళ్ళనవసరం లేదమ్మా. 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. అందులో యాజమాన్యం వారూ కార్మికులూ సమాన సంఖ్యలో ఉంటారు. సమస్య తలెత్తిన ఏడాది లోపు మీరు దరఖాస్తు ఇవ్వాలి. 30 రోజుల్లో కమిటీ విచారణ పూర్తిచేయాలి. కమిటీలోని కార్మిక ప్రతినిధులలో సగానికి పైగా ఒప్పుకోనిదే ఏ నిర్ణయమూ చెల్లదు. ఫలితం మీకు నచ్చకపోతే 60 రోజుల లోపు రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు. అయితే ఆ దరఖాస్తు మీరు సభ్యురాలిగా ఉన్న యూనియన్ ద్వారానే వెళ్ళాలని కోడ్ చెబుతున్నది. కాబట్టి మీ ప్రాంతంలోని ఏదైనా రిజిస్టరైన కార్మిక సంఘంలో ఇప్పుడే సభ్యత్వం తీసుకొని, ఆ తరువాత కమిటీకి దరఖాస్తు ఇవ్వండి. జీతం చీటీ నకలు దానికి జతచేయండి.