‘ఐదేళ్ళ నుంచి’ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?

ఉద్యోగానికని విదేశం వచ్చిన మొదటి ఏడాది కడుపునొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. “ఐ హాడ్ స్టమక్ పెయిన్ ఫర్ త్రీ డేస్” అన్నాను. ఆయన తలూపి, “అయితే ఎప్పుడు తగ్గింది?” అని అడిగారు. నాకేమో ఇంకా మెలిపెడుతూనే ఉంది. మూడు రోజుల నుంచి నొప్పిగా ఉందని నేను చెప్పాననుకున్నాను. మూడు రోజులు ఉండి పోయిందని ఆయనకు అర్థమైంది. “ఐ హావ్ హాడ్ స్టమక్ పెయిన్ ఫర్ త్రీ డేస్” అని ఉంటే సరిపోయేది.

కొత్తగా వచ్చినవాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడే తడబడటం చూస్తుంటాను. ఇవాళ చేస్తున్న పనికీ, ఐదేళ్ళ నుంచి చేస్తున్న పనికీ మనం ‘చేస్తున్నాను’ అనే అంటాం. దాన్ని ఉన్నదున్నట్టు దించితే “ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్” అవుతుంది. ఇందులో రెండు తప్పులున్నాయి. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి ఇంగ్లీషులో ప్రెజెంట్ పర్ఫెక్ట్, అంటే హావ్ లేదా హాజ్‌తో వచ్చే క్రియారూపం, కావాలి. “ఐ హావ్ వర్క్‌డ్ హియర్” అనండి, లేదా “ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్” అనండి.

రెండో తప్పు సిన్స్. దీనికి తెలుగులోనే ఒక కిటుకు ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘ఐదేళ్ళుగా’, ‘మూడు నెలలుగా’ అని కుదిరితే ఫర్. ‘2019గా’, ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు కదా, అక్కడ సిన్స్. ఇది పట్టుబడ్డాక నాకు మళ్ళీ తికమక రాలేదు.

ఇంటర్వ్యూలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. “ఐ వర్క్‌డ్ ఇన్ టెస్టింగ్ ఫర్ ఫోర్ ఇయర్స్” అంటే ఆ పని మానేశారనే అనుకుంటారు. ఇప్పటికీ అదే పనిలో ఉంటే హావ్ మింగేయకండి.

హావ్ అలవాటైన కొత్తలో దాన్ని అన్నిచోట్లా పెట్టేస్తాం. “ఐ హావ్ సెంట్ ద మెయిల్ యెస్టర్‌డే” అనేది ఆఫీసుల్లో రోజూ వినిపించే తప్పు. వాక్యంలో ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నకు జవాబుగా నిన్న, పోయినవారం, 2015లో లాంటి మాట ఉంటే హావ్ వద్దు, “ఐ సెంట్” చాలు. ‘ఎప్పటి నుంచి?’ అనే ప్రశ్నకు జవాబు ఉంటే హావ్ కావాలి. ‘రాలేదు’ కూడా అంతే. ‘ఇంకా రాలేదు’ అంటే “హాజ్‌న్ట్ కమ్ యెట్”, ‘నిన్న రాలేదు’ అంటే “డిడ్‌న్ట్ కమ్”.

అమెరికాలో ఉన్నవాళ్ళకు “డిడ్ యూ ఈట్ యెట్?” అని వినిపిస్తుంది. బ్రిటన్‌లో “హావ్ యూ ఈటెన్ యెట్?” అంటారు. ఏ దేశంలో ఉంటే అక్కడి మాట పట్టుకోండి, దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

గాన్, బీన్ మధ్య తేడా చాలామంది అడుగుతారు. ఇది మనకు చాలా తేలిక, ఎందుకంటే తెలుగులో ఆ రెండు మాటలూ ఉన్నాయి. “షీ హాజ్ గాన్ టు లండన్” అంటే ఆవిడ లండన్ వెళ్ళారు, ఇంకా తిరిగి రాలేదు. “షీ హాజ్ బీన్ టు లండన్” అంటే వెళ్ళొచ్చారు. అందుకే ఎదురుగా నిలబడి మాట్లాడుతున్న మీరు, లండన్ చూసొచ్చానని చెప్పాలంటే “ఐ హావ్ బీన్ టు లండన్” అనే అనాలి.