రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజ్‌లకు ఏ సెక్షన్?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో చిన్న టౌన్. ఇంటి ముందు గదిలోనే లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మా ఆయన కువైట్‌లో పనిచేస్తారు. షాపు బోర్డు మీద నా ఫోన్ నంబరే ఉంది. మొన్న పెళ్లిళ్ల సీజన్‌లో ఒక కస్టమర్ పట్టు బ్లౌజు చేతులు బిగుతయ్యాయని పెద్ద గొడవ చేసింది. అప్పటి నుంచి ఆమె అన్న వాట్సాప్‌లో బూతులు తిడుతూ వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నాడు. ఇంకో తెలియని నంబర్ నుంచి రాత్రి పదకొండు దాటాక 'ఒక్కరే ఉన్నారా', 'కాసేపు మాట్లాడితే ఏం పోతుంది' అని మెసేజ్‌లు. ఇవి చాలవన్నట్టు రోజంతా లోన్ కావాలా అంటూ కాల్స్. మిషన్ మీద నుంచి పదిసార్లు లేవాల్సి వస్తోంది. 66-ఏ కింద కేసు పెడితే వెంటనే లోపలేస్తారని మా ఆడపడుచు భర్త అంటున్నారు. స్టేషన్ మెట్లెక్కితే పరువు పోతుంది, నంబర్ మార్చెయ్యమని మామగారు. నాకైతే ఆ వాయిస్‌లూ వాడి ఫొటో స్టేటస్‌లో పెట్టి ఊరందరికీ వినిపించాలని ఉంది. పెట్టొచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: స్టేటస్ పెట్టకండమ్మా. మిగతాదంతా తర్వాత మాట్లాడదాం, ముందు ఈ పని మాత్రం ఆపండి.

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి వచ్చిన ఒకావిడ ఇదే పని చేసింది. అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్న నంబర్‌కున్న ప్రొఫైల్ ఫొటో తీసి, 'వీడి బతుకు చూడండి' అని స్టేటస్ పెట్టింది. తీరా చూస్తే సిమ్ ఆ ఫొటోలో ఉన్న పెద్దాయనదే గానీ, ఫోన్ వాడుతున్నది ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు. పెద్దాయన నేరుగా కోర్టులో పరువు నష్టం ఫిర్యాదు వేశాడు. బాధితురాలిగా రావాల్సిన మనిషి నా ఆఫీసుకు ముద్దాయిగా వచ్చింది. పరువు నష్టం ఇప్పుడు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, శిక్ష రెండేళ్ల వరకు ఉండొచ్చు. నిజమే కదా చెప్పాను అంటే సరిపోదు, అది జనానికి తెలియడం ప్రజల మేలు కోసమేనని కూడా మీరే చూపించాలి. కోపంలో పెట్టిన స్టేటస్‌కి ప్రజల మేలు అంటగట్టడం ఎంత సీనియర్ వకీలుకైనా కష్టమే.

ఇక 66-ఏ సంగతి. ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో పూర్తిగా కొట్టేసింది. 'చిరాకు కలిగించే' మెసేజ్ పెడితే జైలు అన్న ఆ మాటలకు హద్దూ అదుపూ లేదని, వాక్ స్వేచ్ఛకు అది విరుద్ధమని తీర్పు. ఆ తర్వాత కూడా అక్కడక్కడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు కడుతుంటే, ఇక ఆపమని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కాబట్టి మీ ఆడపడుచు భర్త మీద నాకేమీ చిన్నచూపు లేదు. చచ్చిపోయిన సెక్షన్ ఇంకా జనం నోళ్లలో బతికే ఉంది, అంతే.

మీ ఉత్తరంలో ఇద్దరు మగవాళ్లున్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు.

మొదట బ్లౌజు గొడవ మనిషి. అతను ఏమన్నాడో మీరు రాయలేదు, 'బూతులు' అన్నారు. అక్కడే ఉంది కేసంతా. 'మీకు కుట్టడం రాదు, మా చెల్లి బట్ట పాడుచేశారు, దొంగలు మీరు' అన్నాడనుకోండి, అది మొరటు మాట. వినడానికి బాధగా ఉంటుంది గానీ క్రిమినల్ కేసుగా నిలబడటం కష్టం. 'నీ మొగుడు ఊళ్లో లేడు కాబట్టి...' అంటూ మీ నడవడిక మీదకు, మీ శరీరం మీదకు వెళ్లాడనుకోండి, అప్పుడు సంగతి వేరు. ఆడవాళ్ల గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో అన్న మాటకు న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఎదురుగా నిలబడి అంటేనే నేరం, రాసి పంపితే కాదు అని వాదించేవాళ్లున్నారు. ఇదే నేరం పాత ఐపీసీలో 509గా ఉండేది. ఈమెయిల్‌లో రాసినా అది వర్తిస్తుందని బొంబాయి హైకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. మీ దగ్గరున్నవైతే ఏకంగా అతని గొంతే.

'షాపు తగలబెడతా', 'కాళ్లు విరగ్గొడతా' లాంటి మాటలుంటే న్యాయ సంహితలోనే 351వ సెక్షన్, అంటే బెదిరింపు. ఐటీ చట్టం 67 కూడా కలపమని మీకు ఎవరో ఒకరు చెబుతారు, అశ్లీల మెసేజ్‌లకు అందులో మూడేళ్ల జైలు, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి కాబట్టి. అయితే బూతు మాట వాడినంత మాత్రాన అది అశ్లీలం కాదని 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అసభ్యమైన ఫొటోలు, వీడియోలు పంపితే 67 గట్టిగా నిలుస్తుంది. ఉత్త తిట్లకు నిలవదు. అతికించిన సెక్షన్ ఊడిపోతే, బలంగా ఉన్న సెక్షన్ కూడా కోర్టులో పలచబడుతుంది. అందుకే ఫిర్యాదులో సెక్షన్లు రాయకండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, సరిగ్గా ఏ మాట అన్నాడో రాయండి. ఆ మాట రాయడానికి సిగ్గుపడి 'రాయలేని విధంగా తిట్టాడు' అని వదిలేస్తే ఎస్సై ఏ సెక్షన్ కట్టాలి? కాగితం మీద ఆ మాట ఉండాలి, ఉన్నది ఉన్నట్టుగా.

రెండోవాడు, రాత్రి పదకొండింటి మనిషి, నా లెక్కలో ఎక్కువ ప్రమాదం. తిట్టడం లేదు కదా అనుకోకండి. ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా చనువు కోసం పదే పదే సంప్రదించడం 78వ సెక్షన్ కింద వెంటపడటం. మొదటిసారి శిక్షపడితే మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు, ఆ రెండోసారికి బెయిలు హక్కుగా రాదు. ఇక్కడ కీలకం 'స్పష్టంగా చెప్పాక' అన్నది. ఇప్పటిదాకా మీరు జవాబివ్వకుండా ఊరుకున్నారనుకుంటాను. ఒక్క మెసేజ్ పెట్టండి: 'ఇకపై నాకు మెసేజ్ పెట్టవద్దు, ఫోన్ చేయవద్దు.' అంతే. 'ఎవరు మీరు', 'నా నంబర్ ఎలా దొరికింది' అని అడగొద్దు. అడిగితే అది సంభాషణ అవుతుంది, రేపు అవతలి వకీలు 'ఆవిడా మాట్లాడింది కదా' అంటాడు. తిట్టనూ వద్దు. ఆ తర్వాత వచ్చే ప్రతి మెసేజ్ మీకు సాక్ష్యమే.

సాక్ష్యం దగ్గర మావాళ్లు చేసే పొరపాట్లు చూస్తే నాకు నిద్ర పట్టదు. ఆ నంబర్‌ను మీరు ఫోన్‌లో 'బ్లౌజు గొడవ' అని సేవ్ చేసుకున్నారనుకుందాం. స్క్రీన్‌షాట్‌లో 'బ్లౌజు గొడవ' అనే కనిపిస్తుంది, నంబర్ కనిపించదు. ఆ పేరు మీద నొక్కి నంబర్ కనిపించే పేజీ కూడా స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, టైమ్ కనబడాలి. అతను 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టేలోపు తీయాలి, కాబట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు. వాయిస్ మెసేజ్‌లతో సహా చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. బ్లాక్ చేయడం ఇవన్నీ అయ్యాకే. బ్లాక్ చేసేటప్పుడు, రిపోర్ట్ కొట్టేటప్పుడు చాట్ కూడా తుడిచేయాలా అని అడిగితే ఆ టిక్కు తీసేయండి. అన్నిటికంటే ముఖ్యం, కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, కువైట్ నుంచి మీ ఆయన కొత్తది పంపినా సరే. కాపీలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇప్పుడు అందులో రెండు భాగాలున్నాయి, ఒకటి మీరు సంతకం చేసేది, ఇంకోటి నిపుణుడు చేసేది. అది మీ వకీలు చూసుకుంటారు. అసలు ఫోన్ చేతిలో ఉంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

మామగారి భయం నాకు అర్థమైంది. పెద్దవారు, ఆయన చూసిన రోజుల స్టేషన్ వేరు. ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి. 78, 79 లాంటి నేరాల్లో ఫిర్యాదును మహిళా పోలీసు అధికారి గానీ మరో మహిళా అధికారి గానీ నమోదు చేయాలని, పోలీసులూ కోర్టులూ కేసు ఎలా నడపాలో చెప్పే చట్టమైన నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. దర్యాప్తులో మిమ్మల్ని ప్రశ్నించాలంటే స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే మీ ఇంటికి రావాలి, అది అదే చట్టంలో 179వ సెక్షన్. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఇవ్వొచ్చు. 'ఇది మా పరిధి కాదు' అంటే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే ఎఫ్‌ఐఆర్, కట్టమని అడగండి. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకు ఉంది, కాబట్టి మర్నాటికే ఎఫ్‌ఐఆర్ రాలేదని కంగారు పడకండి. అసలు ఫిర్యాదే తీసుకోబోమని అంటే ఎస్పీకి పోస్టులో పంపండి, అదీ కాకపోతే మేజిస్ట్రేట్. వకీలు ఫీజు గురించి టెన్షన్ వద్దు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. హెల్ప్‌లైన్ 15100.

'వెంటనే లోపలేస్తారు' అన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో మామూలుగా ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. నిజం చెప్పాలంటే మీ మొదటి మనిషి విషయంలో ఆ నోటీసు చాలు. చెల్లెలి బ్లౌజు కోసం స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టి రావడం ఏ అన్నకైనా మళ్లీ మళ్లీ చేయాలనిపించే పని కాదు. 79 కేసులో కోర్టు అనుమతితో రాజీపడే హక్కు కూడా మీకే ఉంది. ఊరి పెద్దలు వచ్చి రాజీ అంటే ఎఫ్‌ఐఆర్ కంటే ముందు ఒప్పుకోవద్దు, తర్వాత మీ ఇష్టం. రాత్రి మనిషి విషయంలో నేను రాజీ అనను. ఆ సిమ్ ఎవరి పేరున ఉందో పోలీసులే కంపెనీ నుంచి తెప్పించాలి. మీరు తెలిసిన కుర్రాళ్లతో ఆ నంబర్‌కు ఫోన్లు చేయించి పరిశోధన మొదలుపెట్టకండి.

మీ ఆయనకు మాత్రం చెప్పండి. దూరాన ఉన్నారని దాస్తే, రేపు వీళ్లలో ఎవడో ఆయనకే మెసేజ్ పెడితే అప్పుడు చెప్పుకోవడం ఇంకా కష్టం.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ బ్లౌజు చేతులు నిజంగా బిగుతయ్యాయా? అయ్యుంటే ఆ చెల్లెలికి అడగడానికి హక్కుంది, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కూ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు కూడా లేదు. సరిచేసి ఇస్తామనో, కుట్టుకూలి వాపసు ఇస్తామనో ఆమెకే మర్యాదగా రాసి పెట్టుకోండి. అన్న తిట్లకూ దీనికీ సంబంధం లేదు, అతని కేసు అతనిదే. కానీ 'ముందు మా బట్ట సంగతి చెప్పమనండి' అనే అవకాశం వాళ్ల చేతిలో ఉండకూడదు.

లోన్ కాల్స్ మిగిలాయి. 1909కి కాల్ చేసి, లేదా ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని ఖాళీ వదిలి సున్నా కొట్టి ఎస్సెమ్మెస్ పంపి డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్ నాకు వద్దనే నమోదు, పెట్టుకోండి. బ్యాంకు ఓటీపీలకు అడ్డేమీ ఉండదు. 140తో మొదలయ్యే నంబర్లు రిజిస్టర్ చేసుకున్న ప్రకటనలవాళ్లవి, డీఎన్‌డీతో అవి తగ్గుతాయి. మీకు వచ్చేవి ఎక్కువగా మామూలు పదంకెల నంబర్ల నుంచే అయ్యుంటాయి. వాటి మీద డీఎన్‌డీ లేకపోయినా ఫిర్యాదు చేయొచ్చని 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు మార్చింది. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు 1909కి గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఆ నంబర్, తేదీ, ఏం చెప్పారో రాయాలి. తప్పు తేలితే మొదటిసారి 15 రోజులు ఆ మనిషి ఫోన్ల నుంచి బయటకు కాల్స్ పోవు, మళ్లీ చేస్తే ఏడాది పాటు కనెక్షన్లన్నీ పోతాయి. వాట్సాప్‌లో వచ్చే లాటరీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం మెసేజ్‌లకు 1909 పనిచేయదు. అవి మోసం అనిపిస్తే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఉండే చక్షు అనే ఫిర్యాదు విభాగంలో పెట్టండి. డబ్బు పోతే మాత్రం చక్షు కాదు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నంబర్ మార్చమన్న మామగారి మాటలో సగం తీసుకుంటాను. మీ పాత నంబర్ కస్టమర్లందరి దగ్గరా ఉంది, అది వదిలేస్తే నష్టం మీకే, పైగా సాక్ష్యం ఉన్నది అందులోనే. దాన్నే షాపు నంబర్‌గా ఉంచి, ఇంటివాళ్లకూ మీ ఆయనకూ వేరే సిమ్ తీసుకోండి. రాత్రి ఎనిమిదికి షట్టర్ దించేటప్పుడు షాపు ఫోన్ మిషన్ డ్రాయర్లోనే పెట్టేసి రండి.