పాత కీబోర్డు కీస్‌తో సింథ్ మాడ్యూల్‌ వాయించడం

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక డెస్క్‌టాప్ సింథ్ మాడ్యూల్ (శబ్దాలు పుట్టించే పెట్టె) కొన్నాను, దానికి కీస్ లేవు. ఇంట్లో బోర్డు కాలిపోయిన పాత 61 కీస్ కీబోర్డు ఉంది. రెండూ కలిపి ఒకే పెట్టెలో బిగించాలని ఉంది. మాడ్యూల్ విప్పి లోపల సోల్డర్ చేయాలంటున్నారు స్నేహితులు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: విప్పకండి. మాడ్యూల్ వెనక అయిదు పిన్నుల మిడి ఇన్ సాకెట్ (ఏ స్వరం, ఎంత గట్టిగా అన్న సంకేతాలు తీసుకునేది) ఉంటే చాలు, 1983 నుంచీ ఆ పద్ధతి మారలేదు. యూఎస్‌బీ సాకెట్ ఉంది కదా అనొచ్చు, కానీ అది మామూలుగా కంప్యూటర్‌కి తగిలించడానికే, కీస్ చదివి మిడి పంపడానికి మీరు కొనాల్సిన చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుదీ అంతే, రెండింటికీ నేరుగా వైరు కలిపితే ఏమీ జరగదు.

అసలు పనంతా పాత కీస్ దగ్గరే. ఒక కీ నొక్కి కింద చూడండి, రబ్బరు బుడిపెలో రెండు నల్ల కార్బన్ చుక్కలుంటే అదృష్టం. ఒకటి ముందు తగులుతుంది, రెండోది కాస్త ఆగి, ఆ మధ్య సమయాన్ని బట్టే ఎంత గట్టిగా కొట్టారో తెలుస్తుంది. గట్టిగా కొడితే ఆ తేడా కొన్ని మిల్లీసెకన్లే, అందుకే టీన్సీ లాంటి వేగమైన బోర్డు తీసుకోండి, ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి చూడండి. ఆ చుక్కల్నీ, కింద అవి తగిలేచోటునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, సగం చచ్చిన కీస్ దాంతోనే లేచి కూర్చుంటాయి. ప్రతి కాంటాక్ట్‌కీ డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉందో లేదో మాత్రం తప్పకుండా చూసుకోండి, లేకపోతే మూడు నాలుగు కీస్ కలిపి నొక్కినప్పుడు నొక్కనివి కూడా మోగుతాయి.

బోర్డు నుంచి మాడ్యూల్‌కి వెళ్లే మిడి అవుట్‌కి 5 వోల్టుల బోర్డైతే రెండు 220 ఓం రెసిస్టర్లు. టీన్సీ 3.3 వోల్టులది కాబట్టి 4వ పిన్నుకి 33, 5వ పిన్నుకి 10 ఓంలు. బోర్డుకి కరెంటు మాడ్యూల్ అడాప్టర్ నుంచి లాగొద్దు, వేరే 5 వోల్టుల చార్జర్ పెట్టండి. మిడి ఇన్‌లో ఆప్టోకప్లర్ (సంకేతాన్ని వెలుగుతో దాటించే భాగం) పెట్టేదే రెండు పరికరాల గ్రౌండ్ కలిసి హమ్మింగ్ రాకుండా, సప్లై ఒకటే అయితే ఇక అదెందుకు?

గమకాలు వాయించేవారైతే ఎడమ పక్క, స్వరాన్ని పైకీ కిందికీ వంచే పిచ్ వీల్‌కి చోటు వదలండి, ఇది నా గట్టి మాట. ఆ వంపుని, అంటే బెండ్‌ని, మిడి 14 బిట్లలో, అంటే 16,384 మెట్లలో పంపనిస్తుంది, కానీ చాలా రెడీమేడ్ కోడ్‌లు 128 మెట్లే పంపుతాయి. రేంజ్ అటూ ఇటూ ఒక్కో స్థాయి (ఆక్టేవ్) పెట్టుకుంటే అప్పుడు ఒక్కో మెట్టూ దాదాపు 19 సెంట్లు (అరస్వరంలో నూరో వంతు ఒక సెంటు), తోడి రాగం గాంధారం ఊగకుండా గెంతుతుంది. బోర్డు ఎనలాగ్ పిన్ను 10 బిట్లు, అంటే 1,024 మెట్లు చదివినా చాలు, మెట్టు రెండున్నర సెంట్ల లోపే పడుతుంది.

చెక్క పెట్టె ఇవన్నీ పనిచేశాకే. 61 కీస్ వెడల్పు 84 సెంటీమీటర్ల దాకా వస్తుంది, వీల్‌కి ఇంకో పది వేసుకోండి, మాడ్యూల్‌ని మాత్రం చేత్తో విప్పే స్క్రూలతో బిగించండి.